టైమ్‌షేర్ వారం అద్దెకిచ్చాం: రిటర్న్‌లో ఆదాయం, ఖర్చులు ఎలా చూపాలి?

ప్రశ్న: రెండు వారాల యజమాని

నమస్కారమండి. ఫ్లోరిడాలోని ఒక రిసార్టులో నాకూ నా భార్యకూ కలిపి రెండు టైమ్‌షేర్ వారాలున్నాయి, అంటే ఏటా ఆ రెండు వారాలు అక్కడి ఇంటిని వాడుకునే హక్కు మాది. రెండూ ఒకే యూనిట్‌లో పక్కపక్క వారాలు, డీడ్ ఇద్దరి పేర్ల మీదా నమోదైంది, నిర్దిష్ట యూనిట్ లేని పాయింట్ల పద్ధతి కాదు. 2015లో రెండింటికీ కలిపి 18,900 డాలర్లు పెట్టి కొన్నాం, అప్పు ఏనాడో తీరిపోయింది. మామూలుగా రెండు వారాలూ మేమే వాడుకునేవాళ్లం కానీ, 2025లో సెలవు దొరకక ఒక వారమే వెళ్లి, రెండో వారాన్ని అద్దెకివ్వమని రిసార్టు వారి అద్దెల విభాగానికే అప్పగించాం.

వాళ్లు ఆ వారాన్ని 1,400 డాలర్లకు ఎవరికో ఇచ్చి, 30 శాతం కమిషను కింద 420 పట్టుకుని, మాకు 980 పంపారు. తీరా చూస్తే, వాళ్ల దగ్గర నుంచి వచ్చిన 1099-మిస్క్ (చెల్లింపులను అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్‌కు తెలిపే ఫారం) ఒకటో గడిలో 1,400 అని ఉంది. చేతికి రాని డబ్బుకు కూడా మేము పన్ను కట్టాలా అన్నది నా మొదటి సందేహం.

రెండో సందేహం ఆఫీసులో ఒక మిత్రుడి మాట వల్ల వచ్చింది. ఏడాదిలో పద్నాలుగు రోజులకు మించకుండా అద్దెకిస్తే ఆ ఆదాయం అసలు చూపనక్కర్లేదని ఆయన గట్టిగా చెబుతున్నారు. మేమిచ్చింది ఏడు రోజులే కాబట్టి ఆ లెక్కన మాకు పని తప్పినట్టే. కానీ ఖర్చుల వైపు చూస్తే ఆశ ఇంకో దారి పడుతోంది. ఆ ఒక్క వారానికి మెయింటెనెన్స్ బిల్లు 1,284 డాలర్లు కట్టాం, దానికి 420 కమిషను కలిపితే 1,704 అవుతుంది, అంటే 304 డాలర్ల నష్టం. ఈ నష్టాన్ని జీతం ఆదాయంలోంచి తగ్గించుకునే వీలుంటే చూపడమే లాభం కదా?

ఇంకొక్క మాట. వచ్చే ఏడాది ఆ వారాన్ని మా బావమరిది కుటుంబం తీసుకుంటామంటున్నారు, బయటివాళ్లు ఇచ్చే ధరే ఇస్తామంటున్నారు. బయటివాళ్లకు ఇచ్చినా, ఆయనకిచ్చినా లెక్క ఒకటేనా?

సమాధానం: షెడ్యూల్ ఈ పాతకాపు

మొదటి సందేహంతో మొదలుపెడతాను, అది తేలిక. ఆదాయంగా చూపవలసింది 1,400. అతిథి చెల్లించిన అద్దె మొత్తం మీదే. రిసార్టువారు మీ తరఫున వసూలు చేసి, తమ కమిషను మీ డబ్బులోంచే తీసుకున్నారు. కాబట్టి రిటర్న్‌తో అద్దె ఆదాయం చూపే ఫారం, అంటే షెడ్యూల్ 'ఈ', దాని మూడో లైనులో 1,400 రాసి, ఎనిమిదో లైనులో కమిషను 420 ఖర్చుగా రాయాలి. ఫలితం 980 అనే వస్తుంది కానీ, మూడో లైనులో 980 అని రాస్తే ఐఆర్‌ఎస్ దగ్గరున్న 1099తో మీ రిటర్న్ పొసగదు, ఆ తేడాకు సంజాయిషీ అడుగుతూ ఉత్తరం రావచ్చు. ఆస్తి రకం అడిగే చోట సెలవుల ఇల్లు లేదా స్వల్పకాల అద్దె అనే మూడో రకాన్ని ఎంచుకోండి.

ఖర్చుల విషయంలో తొందరపడకండి. 1,284 అన్నది మీకు ఒకే అంకె కావచ్చు, పన్ను లెక్కకు మాత్రం కాదు. టైమ్‌షేర్ సంఘం వారు ఏటా పంపే బిల్లు చివర్లోనో వెనక పేజీలోనో, ఆ మొత్తాన్ని విడగొట్టి చూపే చిన్న పట్టిక ఉంటుంది. సాధారణంగా అందులో మూడు వరసలుంటాయి. నిర్వహణ ఖర్చు ఒకటి, రిజర్వు నిధి ఒకటి, కౌంటీకి కట్టే ఆస్తి పన్నులో మీ వంతు ఒకటి. ఈ మూడింటి దారి మూడు విధాలుగా ఉంటుంది. మీ బిల్లు చూసి ఆ అంకెలు ఇక్కడ రాయండి. ముందుగా మాత్రం ఇది చెప్పగలను: పైకప్పు మార్చడం, లిఫ్టు మార్చడం లాంటి పెద్ద పనుల కోసం కూడబెట్టే రిజర్వు సొమ్మును ఈ ఏటి ఖర్చుగా తీసుకోవడం సరికాదు. అభివృద్ధి పనుల కోసం వేసే ప్రత్యేక వసూళ్లను ఖర్చుగా తీసివేయకూడదని, తరుగుదల రూపంలోనే (ధరను ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా ఖర్చు రాసుకుంటూ) రాబట్టుకోవాలని ఐఆర్‌ఎస్ 527వ ప్రచురణ కాండోల (యూనిట్ల వారీగా సొంతమయ్యే అపార్ట్‌మెంట్ల) గురించి చెబుతుంది. రిజర్వును కూడా అదే దారిలో పెట్టి, కొన్న ధరకు కలుపుకోవడం జాగ్రత్తగల పద్ధతి.

ఇక నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవడం గురించి: ఆ ఆశ వదులుకోండి. ఎందుకో వివరంగా రాస్తాను, ముందు మీ బిల్లు రానివ్వండి.

సమాధానం: పద్నాలుగు రోజుల పక్షం

పాతకాపు గారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. నేను నెవాడాలోని నా వారాన్ని నాలుగేళ్లుగా అద్దెకిస్తున్నాను, ఒక్కసారి కూడా చూపలేదు. పన్ను చట్టం సెక్షన్ 280ఎ లోని జి ఉపవిభాగం స్పష్టంగానే ఉంది: నివాసంగా వాడుకునే ఇంటిని ఏడాదిలో పదిహేను రోజుల కంటే తక్కువగా అద్దెకిస్తే ఆ అద్దె ఆదాయంలోకి రాదు, దాని మీద ఖర్చులూ తీసుకోకూడదు. నేను ఇచ్చేది ఏడు రోజులు. ఏడు పదిహేను కంటే తక్కువే కదా. ఉన్న సౌకర్యాన్ని వదులుకుని, వర్క్‌షీట్లతో కుస్తీ పట్టడం ఎందుకో నాకర్థం కాదు.

సమాధానం: నిబంధన చదివే అలవాటున్నవాణ్ణి

మీరు ఉదహరించిన నిబంధననే మరొకసారి నిదానంగా చదవమని మనవి. అందులో రెండు షరతులున్నాయి, రెండూ నెరవేరాలి. మొదటిది, ఆ ఇల్లు ఆ ఏడాది మీ నివాసంగా వాడుకలో ఉండాలి. రెండోది, ఆ ఇల్లు పదిహేను రోజుల కంటే తక్కువగా అద్దెకు పోయి ఉండాలి. రెండో షరతులో "యజమాని ఇన్ని రోజులు అద్దెకిస్తే" అనలేదు, "ఆ ఇల్లు ఇన్ని రోజులు అద్దెకు పోతే" అనే అర్థంలో రాశారు. టైమ్‌షేర్ విషయమంతా ఈ ఒక్క తేడా మీద నడుస్తుంది.

మీ వారం ఉన్న యూనిట్ ఏడాదిలో మిగతా వారాలన్నీ ఖాళీగా ఉండదు. ఆ వారాల యజమానుల్లో కొందరు తామే వచ్చి ఉంటారు, కొందరు అద్దెకిస్తారు, అమ్ముడుపోని వారాలను రిసార్టువారే హోటల్ గదుల్లా ఇస్తారు. యూనిట్ మొత్తం మీద అద్దె రోజులు పద్నాలుగు దాటలేదని మీరు రుజువు చేయగలరా? అదే గోడల మధ్య ఇంకెవరో రెండు వారాలు అద్దెకిచ్చినా మీ ఏడు రోజుల వాదన కూలిపోతుంది. సొంత బీచ్ ఇంటికి చక్కగా సరిపోయే ఈ సౌకర్యం టైమ్‌షేర్‌కు ఆచరణలో అందని ద్రాక్షే.

ఇక నివాసమా కాదా అన్న పరీక్ష చూడండి. వ్యక్తిగత వాడకం పద్నాలుగు రోజులను గానీ, సరసమైన ధరకు అద్దెకిచ్చిన రోజుల్లో పది శాతాన్ని గానీ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్ని దాటితే ఆ ఇల్లు నివాసం కింద లెక్క. ప్రశ్న అడిగినాయన తాను ఉన్నది ఏడు రోజులే కాబట్టి అది నివాసం కాదనుకోవచ్చు. అయితే వ్యక్తిగత వాడకం అంటే ఆయన వాడకం ఒక్కటే కాదు, ఆ యూనిట్‌లో హక్కున్న మరే వ్యక్తి వాడకమైనా ఆయన వాడకం కిందే లెక్కకొస్తుందని అదే సెక్షన్ చెబుతుంది. ఒకే యూనిట్‌లో యాభై వారాలకు యాభై మంది యజమానులుంటే, వాళ్లలో పట్టుమని ముగ్గురు తమ వారాలను తాము వాడుకున్నా పద్నాలుగు రోజులు దాటిపోతాయి. అంటే మనం గడప తొక్కకపోయినా, చట్టం దృష్టిలో మనం అక్కడ నివాసమున్నట్టే. నాకు తెలిసి పన్ను చట్టంలో ఇంత విచిత్రమైన కాపురం మరొకటి లేదు.

దీని ఫలితం ఏమిటంటే, అద్దెకు మించిన ఖర్చును ఆ ఏడాది తీసివేయడానికి 280ఎ ఒప్పుకోదు. ఖర్చు అద్దె దగ్గర ఆగిపోతుంది, మిగిలింది వచ్చే ఏటి అద్దె మీద తీసుకోవడానికి బదిలీ అవుతుంది. జీతంలోంచి 304 తగ్గించుకోవాలన్న ఆశ తీరనిది ఇందుకే.

బావమరిది గారి సంగతి. కుటుంబ సభ్యులంటే ఎవరో చట్టం పట్టీ ఇచ్చింది: భార్య లేదా భర్త, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లిదండ్రులు వారి పైతరాలు, పిల్లలు వారి కింది తరాలు. మన వాళ్లు సొంతవారిగా చూసే అల్లుడు, కోడలు, తోడల్లుడు ఆ పట్టీలో లేరు. బావమరిది కూడా మీకు నేరుగా ఆ పట్టీలోకి రారు. కానీ డీడ్ మీద మీ భార్య పేరు కూడా ఉంది కాబట్టి, ఆవిడకు ఆయన సోదరుడు, ఆ దారిలో వచ్చేస్తారు. బజారు ధర ఇచ్చినా, ఆ ఇల్లు ఆయనకు ముఖ్య నివాసం కాదు కాబట్టి, ఆ రోజులు వ్యక్తిగత వాడకమే. ఆయన ఇచ్చిన డబ్బు మాత్రం ఆదాయం కాకుండా పోదు. ఈ పద్ధతిలో నష్టమే తప్ప లాభం లేదు కనుక, బంధువులకు ఇవ్వదలిస్తే ఊరికే ఇవ్వడమే మర్యాదా, లెక్కకు సుఖమూ.

ఎక్స్‌ఛేంజ్ సంస్థ ద్వారా మీ వారాన్ని ఇచ్చి ఇంకో చోట వారం తీసుకునేవారికీ ఇదే వర్తిస్తుంది. మీకు మరో ఇల్లు వాడుకునే వీలు కలిగించే ఏర్పాటు కింద మీ యూనిట్‌ను ఎవరు వాడినా, అద్దె తీసుకున్నా తీసుకోకపోయినా, అది మీ వ్యక్తిగత వాడకమే. ధర్మసంస్థ వేలంపాటకు ఒక వారం దానమిస్తే మినహాయింపు దొరుకుతుందనుకునేవారు కూడా ఉన్నారు. ఆస్తిని వాడుకునే హక్కును మాత్రమే ఇస్తే అది దానం మినహాయింపుకు రాదు.

పాయింట్లవారికి మాత్రం ఇంత తెగేసి చెప్పను. ట్రస్టులోని పాయింట్లకు ఒక నిర్దిష్ట యూనిట్ ఉండదు కాబట్టి "ఆ ఇల్లు" ఏదన్న దగ్గరే చిక్కు మొదలవుతుంది. అలాంటివారు ఖర్చును పాయింట్ల నిష్పత్తిలో పంచి, ఏటా అదే పద్ధతికి కట్టుబడి ఉండటం మంచిది.

సమాధానం: పద్నాలుగు రోజుల పక్షం

"ఆ ఇల్లు" అన్న మాట మీద నేనెప్పుడూ ఆగలేదని ఒప్పుకుంటాను. అయినా ఒక సందేహం. ఇంటి రుణ వడ్డీ గురించిన 936వ ప్రచురణలో, టైమ్‌షేర్‌ను రెండో ఇల్లుగా లెక్కించేటప్పుడు, మనకు వాడుకునే హక్కున్న కాలంలోని రోజులనే లెక్కపెట్టాలని ఉంది. అక్కడ నా వారమే లెక్క అయితే ఇక్కడ యూనిట్ అంతా ఎందుకు లెక్క?

సమాధానం: నిబంధన చదివే అలవాటున్నవాణ్ణి

మంచి చోట పట్టుకున్నారు. 936 చెప్పేది రుణ వడ్డీ మినహాయింపుకు అర్హత ఉందా లేదా అన్న ఒక్క విషయానికి, దాని మూలం వడ్డీకి సంబంధించిన సెక్షన్ 163 కింద వచ్చిన నియమావళి. అక్కడ టైమ్‌షేర్ గురించి ప్రత్యేకంగా రాశారు కాబట్టి మన రోజులే లెక్క. అద్దె ఖర్చులకు పరిమితి పెట్టే 280ఎలో అలాంటి వెసులుబాటు రాయలేదు, పైగా హక్కున్న ఇతరుల వాడకాన్ని కలపమని రాశారు. ఒకే వారాన్ని ఒక సెక్షను చిన్నగా, ఇంకో సెక్షను పెద్దగా చూస్తున్నదన్నమాట. వింతే కానీ, ఒకదాని కొలబద్దను తెచ్చి రెండో చోట పెట్టడానికి లేదు. 936 మీకు పనికొచ్చేది, డీడ్ మీద తనఖా పెట్టిన అప్పు ఉండి, మీరు ఐటమైజ్ చేస్తుంటే (స్టాండర్డ్ డిడక్షన్ బదులు మినహాయింపులను విడివిడిగా చూపుతుంటే). టైమ్‌షేర్‌ను క్రెడిట్ కార్డు మీద కొన్నవారికి అదీ లేదు.

సమాధానం: హవాయి వారం

రాష్ట్రాల మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఆస్తి ఎక్కడుందో ఆ రాష్ట్రానికే అద్దె మీద మొదటి హక్కు. ఫ్లోరిడా, నెవాడాల్లో వ్యక్తుల ఆదాయం మీద రాష్ట్ర పన్ను లేదు కాబట్టి మీ ఇద్దరికీ అక్కడి రిటర్న్ బెడద లేదు. మాది హవాయి. బయటి రాష్ట్రంలో ఉంటూ మేము అక్కడ నివసించనివారి రిటర్నైన ఎన్-15 దాఖలు చేసి, మా సొంత రాష్ట్రంలో దానికి క్రెడిట్ అడుగుతాం.

ఆదాయపు పన్ను వేరు, బస పన్ను వేరు. ఫ్లోరిడాలో స్వల్పకాల బసల మీద రాష్ట్ర అమ్మకపు పన్ను 6 శాతం, దాని పైన కౌంటీల పర్యాటక పన్ను ఉంటాయి. రిసార్టు అద్దెల విభాగమే ఇచ్చింది కాబట్టి వాళ్లే అతిథి దగ్గర వసూలు చేసి కట్టి ఉంటారు, ఒకసారి అడిగి నిర్ధారించుకోండి. మీరే ఎవరికైనా నేరుగా ఇస్తే ఆ బాధ్యత మీ నెత్తిన పడుతుంది. హవాయిలో అయితే అద్దె మొత్తం మీద సాధారణ ఎక్సైజ్ పన్ను 4 శాతం, కౌంటీ అదనం, మళ్లీ బస పన్ను 2025 దాకా 10.25 శాతం, 2026 జనవరి 1 నుంచి 11 శాతం, కౌంటీ వాటా 3 శాతం కట్టాలి. మొదటి ఏడాది మేము ఇవేవీ అతిథికి చెప్పిన ధరలో కలపలేదు. అద్దె చేతికొచ్చిన సంతోషం ఆ పన్నుల లైసెన్సు దరఖాస్తు నింపే దాకానే నిలిచింది.

ప్రశ్నకర్త: రెండు వారాల యజమాని

అందరికీ కృతజ్ఞతలు. బిల్లు వెతికి పట్టుకున్నాను. నిజమే, వెనక పేజీలో పట్టిక ఉంది. పదేళ్లుగా కడుతూ ఒక్కసారి కూడా ఆ పేజీ తిప్పలేదు. ఒక్కో వారానికి నిర్వహణ 912, రిజర్వు 238, ఆస్తి పన్ను 134, మొత్తం 1,284.

ఈలోగా ఉత్సాహం పట్టలేక సాఫ్ట్‌వేర్‌లో వేసి చూశాను. అద్దె రోజులు 7, వ్యక్తిగత రోజులు 7 అని కొట్టగానే అది ఇది నివాసం కాదని తేల్చేసి, 304 నష్టాన్ని చూపించింది. తర్వాత ఆ నష్టాన్ని, నిష్క్రియ నష్టాలకు (మనం చురుగ్గా నడపని వ్యవహారాల నష్టాలకు) పరిమితి కట్టే 8582 ఫారానికి పంపి, అక్కడ ఆపేసింది. మా ఇద్దరి ఆదాయం లక్షన్నర దాటడం వల్లనేమో అనుకున్నాను. ఇంకో భయం కూడా చెప్పాలి. 2023లో కూడా ఒక వారం 1,150 డాలర్లకు నేరుగా ఒక తెలిసినవారి స్నేహితులకు ఇచ్చాం, ఏ 1099 రాలేదు, మేమూ చూపలేదు. అది ఇప్పుడు కదిలించాలా?

సమాధానం: షెడ్యూల్ ఈ పాతకాపు

అంకెలు వచ్చాయి కాబట్టి లెక్క కట్టేద్దాం. 527వ ప్రచురణలోని 5-1 వర్క్‌షీట్ ఖర్చులను ఒక వరసలో తీసుకోమంటుంది, ఆ వరస మార్చకూడదు. ముందు, అద్దె లేకపోయినా మినహాయింపుకు వచ్చే వడ్డీ, ఆస్తి పన్ను. తర్వాత, అద్దెకివ్వడం వల్లనే పుట్టిన ప్రకటనలు, కమిషను. ఆ తర్వాత నిర్వహణ ఖర్చు. అన్నిటికంటే చివర తరుగుదల.

మీ అద్దె 1,400. ఆస్తి పన్ను 134 తీసేస్తే 1,266. కమిషను 420 తీసేస్తే 846. ఇప్పుడు నిర్వహణ 912 వస్తుంది కానీ చోటు 846 కే ఉంది. ఆ 846 తీసుకుంటారు, 66 వచ్చే ఏడాదికి వెళ్తుంది. తరుగుదలకు చోటే మిగల్లేదు కాబట్టి అదీ బదిలీయే. రిజర్వు 238 ఈ లెక్కలోకి రాదు, కొన్న ధరకు కలిపి పక్కన రాసి పెట్టుకోండి. షెడ్యూల్ ఈ మీద మీ నికర ఆదాయం సున్నా. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుందని మీరు నవ్వుకోవచ్చు కానీ, ఈ సున్నాకూ అసలు చూపకపోవడానికీ చాలా తేడా ఉంది. చూపకపోతే ఐఆర్‌ఎస్ కంప్యూటరుకు కనిపించేది 1099లోని 1,400 ఒక్కటే, మీ ఖర్చుల సంగతి దానికి తెలియదు.

మీరు వాడుకున్న వారం బిల్లు ఈ లెక్కలో కలపకండి. దానిలోని ఆస్తి పన్ను 134 మాత్రం, ఐటమైజ్ చేస్తే, విడి మినహాయింపుల ఫారమైన షెడ్యూల్ ఎ లోకి వెళ్తుంది. వారానికో బిల్లు విడిగా ఉండటం మీ అదృష్టం. ఏడాదంతా తమదే అయిన ఇంటివాళ్లు వడ్డీనీ పన్నునూ 365 రోజులతో భాగించాలా, వాడిన రోజులతో భాగించాలా అని తల పట్టుకోవాలి, దాని మీద బోల్టన్ అనే వ్యాజ్యం 1982లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు దాకా వెళ్లింది. మీ ఏడు రోజులూ ఏడు రోజులే.

సాఫ్ట్‌వేర్ చేసిన పొరపాటు దానిది కాదు. దానికి తెలిసింది మీరు కొట్టిన రెండు ఏడులే, మిగతా వారాల యజమానుల గురించి ఎవరు చెప్పారు? అందుకే 5-1 ను చేతితో చేసి, అందులో తేలిన 134, 420, 846 లనే ఆయా లైన్లలో వేయండి: పన్నులు పదహారో లైను, కమిషను ఎనిమిది, నిర్వహణ ఏడు. వర్క్‌షీటును మీ కాగితాల్లో దాచండి, వచ్చే ఏడాది ఆ 66 ఎక్కడ నుంచి వచ్చిందో మీకే గుర్తుండదు.

8582 ఆపడానికి కారణం లక్షన్నర అని మీరనుకున్నారు. అద్దె నష్టాల్లో 25,000 దాకా ఇచ్చే వెసులుబాటు లక్ష నుంచి తగ్గుతూ లక్షన్నరకు పూర్తిగా పోయే మాట నిజమే. కానీ మీ ఆదాయం అంతకంటే తక్కువైనా అది దొరికేది కాదు. అతిథులు సగటున ఏడు రోజులు గానీ అంతకు తక్కువ గానీ ఉంటే, నిష్క్రియ నష్టాల నియమాల్లో అది అద్దె కార్యకలాపం కిందకే రాదు, ఆ 25,000 అద్దె ఆస్తులకే. టైమ్‌షేర్‌ను వారం లెక్కన ఇస్తాం కాబట్టి ఆ తలుపు ముందే మూసి ఉంది. మీ విషయంలో 280ఎ పరిమితి పడుతోంది కనుక 8582 దాకా వెళ్లే పనే లేదు.

తరుగుదల గురించి ఒక మాట, ఎప్పుడో ఒక ఏడాది అద్దె బాగా వస్తే పనికొస్తుంది. మామూలు అద్దె ఇంటికి 27.5 ఏళ్లు. సగానికి పైగా యూనిట్లు వచ్చిపోయేవారికి ఇచ్చే హోటల్ లాంటి భవనంలోని యూనిట్ ఆ కోవలోకి రాదు, దానికి 39 ఏళ్లు. మీ వారానికి కొన్న ధరలో సగం, 9,450 అనుకుంటే, భూమి విలువ తీయకముందే ఏడాదికి 242 డాలర్లకు మించదు.

సొంత వ్యాపార ఆదాయం చూపే షెడ్యూల్ సి వేయాలా అని ఎవరైనా భయపెడితే కంగారుపడకండి. అతిథి సౌకర్యం కోసం రోజూ గది శుభ్రం చేయడం, దుప్పట్లు మార్చడం లాంటి సేవలు గణనీయంగా అందిస్తేనే అది సి కిందకు, 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను కిందకు వెళ్తుంది. మీరు వారాన్ని అప్పగించి ఊరుకున్నారు, ఏ సేవా చేయలేదు. నేనైతే షెడ్యూల్ 'ఈ' లోనే చూపుతాను.

2023 సంగతి: 1099 రాకపోవడం ఆదాయం కాకపోవడానికి కారణం కాదు. సవరణకు 1040-ఎక్స్ వేయండి, దానికి షెడ్యూల్ ఈ జోడించండి. ఆ ఏడాది కమిషను లేదు కదా. 2023 బిల్లు దొరికితే ఇదే వరసలో తీసేయండి, మిగిలేది ఎంతో తెలుస్తుంది. నేరుగా ఇచ్చారన్నారు కాబట్టి హవాయి వారం గారు చెప్పిన ఫ్లోరిడా బస పన్ను కూడా ఆ ఏడాదికి మీ మీద ఉంది, ఆదాయపు పన్ను కంటే ముందు దాని సంగతి చూడండి.

ప్రశ్నకర్త: రెండు వారాల యజమాని

2023 బిల్లు కూడా దొరికింది: నిర్వహణ 846, రిజర్వు 214, పన్ను 127. పన్ను, నిర్వహణ కలిపితే 973. అంటే 1,150లో ఇంకా 177 మిగులుతోంది, దాని మీద తరుగుదలకు చోటుంది. భూమి వాటా తీసేసి తరుగుదల కట్టాలంటే కౌంటీ పన్ను నోటీసులో భూమికీ భవనానికీ విడివిడిగా వేసిన విలువలు చూడాలని అనుకుంటున్నాను. రిసార్టు కార్యాలయానికి ఆ నోటీసు ప్రతి కోసం ఈ ఉదయమే రాశాను. అద్దెల విభాగం వారు బస పన్ను వసూలు చేశామని 2025 రసీదు పంపారు. 2023కు ఫ్లోరిడా రెవెన్యూ శాఖకూ కౌంటీకీ విడివిడిగా కట్టవలసినది లెక్క వేస్తున్నాను. బావమరిదికి ఫోను చేసి, వచ్చే ఏడాది వారం ఊరికే వాడుకోమని చెప్పాను. ఆయన కారణం అడిగితే సెక్షన్ 280ఎ అన్నాను.

సమాధానం: షెడ్యూల్ ఈ పాతకాపు

భూమి వాటా కోసం కౌంటీ నోటీసు చూడాలన్నది సరైన దారే. ఆయన ఊరికే వాడుకున్న ఏడాది ఆ వారం ఖర్చులేవీ షెడ్యూల్ ఈ మీదకు తేకండి. ఆ ఏడాది మీరు వేరే అద్దె ఏమీ తీసుకోకపోతే 66 అలాగే ముందుకు సాగుతుంది, మళ్లీ ఆ యూనిట్ మీద అద్దె వచ్చిన ఏడాది దాన్ని తీసుకోవచ్చు.